నార్త్ షోర్ లైన్ చివరి రోజులు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

షికాగోకి ఉత్తరాన మండలైన్, లిబర్టీవిల్, వెర్నన్ హిల్స్ వైపు ఇప్పుడు తెలుగు ఇళ్లు బోలెడు. లేక్ బ్లఫ్ నుంచి మండలైన్ దాకా 'నార్త్ షోర్ బైక్ పాత్' అని ఒక దారి ఉంది. సాయంత్రాలు అందులో నడిచేవాళ్లలో సగంమంది మనవాళ్లే అనిపిస్తుంది. ఆ దారి అసలు సంగతి నాకు ఇక్కడివాళ్లెవరూ చెప్పలేదు. మా నాన్నగారు చెప్పారు. ఆయన రైల్వేలో పట్టాల పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఒక వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు మొదటిరోజు వాకింగ్‌లోనే ఆగిపోయి, వెనక్కి చూసి, ముందుకి చూసి, "ఒరేయ్, పక్క రోడ్డు ఎక్కి దిగుతోంది, ఇది మాత్రం సమంగా పోతోంది. ఇది దారి కాదురా, రైలు కట్ట" అన్నారు. చెప్పుతో అంచున గడ్డి తొలిచి కంకర చూపించారు. ఇంటికొచ్చి వెతికితే నిజమే, అది 1963లో మూతపడ్డ నార్త్ షోర్ లైన్ అనే కరెంటు రైలు కట్ట. అప్పటినుంచి దీని వెంట పడ్డాను. కలిసినవాళ్లు అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి ఇవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

ఇంతకీ అది ట్రామా, రైలా?

రెండూ. అందుకే దాని మీద ఇంత మోజు. అమెరికాలో ఇలాంటివాటిని 'ఇంటర్అర్బన్' అనేవారు. ఊళ్లో ట్రాములాగా వీధి మధ్య నడిచి, ఊరు దాటగానే రైలులాగా పరుగెత్తే కరెంటు బండ్లు. మధ్యపడమటి రాష్ట్రాల్లో ఒకప్పుడు ఇవి ఊరూరా ఉండేవి. ఎక్కువభాగం 1930ల మాంద్యంలోనే పోయాయి.

నార్త్ షోర్ లైన్ పూర్తి పేరు షికాగో నార్త్ షోర్ అండ్ మిల్వాకీ రైల్‌రోడ్. షికాగో నుంచి మిల్వాకీ దాకా 85 మైళ్ల పైచిలుకు, సుమారు రెండు గంటల ప్రయాణం. ఒక్క ప్రయాణంలో మూడు అవతారాలు. షికాగో నడిబొడ్డున, అంటే 'లూప్'లో, ఇళ్ల రెండో అంతస్తు ఎత్తున ఉండే ఎల్ రైలు పట్టాల మీద బయల్దేరేది. అక్కడ కరెంటు పక్కనుండే మూడో పట్టా నుంచి వచ్చేది. హోవర్డ్ స్టేషన్ దాటి ఎల్ దారి వదిలాక పైకప్పు మీది ట్రాలీ పోల్ లేచి తీగకు తగులుకునేది. 600 వోల్ట్ల డీసీ. పొలాల మధ్య గంటకు 80 మైళ్లు దాటేది. చివర మిల్వాకీలో అదే బండి నడివీధిలో, కార్ల వెనక, ఎర్రలైటు పడితే ఆగి, పచ్చలైటు పడితే కదిలి స్టేషన్ చేరేది. లూప్‌లో ఎక్కిన మనిషి సీటు మారకుండా ఇదంతా చూసేవాడు.

ఎవరు కట్టారు? ప్రభుత్వమా?

కాదు, మొదటినుంచి చివరిదాకా ప్రైవేటే. 1890లలో వాకీగన్ ఊళ్లో చిన్న ట్రాముగా మొదలై అటూ ఇటూ పెరిగి, 1908లో మిల్వాకీ చేరింది. ఆ ఏడాదే దివాలా కూడా తీసింది. 1916లో శామ్యూల్ ఇన్సల్ చేతికి వచ్చాకే దానికి దశ తిరిగింది. ఇన్సల్ ఒకప్పుడు థామస్ ఎడిసన్ దగ్గర సెక్రటరీ. తరవాత షికాగో కరెంటు వ్యాపారమంతా ఆయన గుప్పిట్లోదే. కరెంటు అమ్మేవాడికి కరెంటు తినే రైలుకంటే మంచి గిరాకీ ఏముంటుంది? 1919లో బండ్లను నేరుగా లూప్‌లోకి తెచ్చాడు. 1926లో ఊళ్ల రద్దీ తప్పించి, స్కోకీ మీదుగా తిన్నగా పోయే కొత్త దారి పూర్తి చేశాడు.

1932లో ఇన్సల్ సామ్రాజ్యం కూలింది, దాంతోపాటు రైలు కూడా కోర్టు అజమాయిషీలోకి పోయింది. అందులోంచి బయటపడింది 1946లోనే. ఇన్సల్ మీద మోసం కేసులు నడిచాయి, నిర్దోషిగా బయటపడ్డాడు. 1938లో పారిస్‌లో మెట్రో స్టేషన్‌లో గుండె ఆగి చనిపోయాడు. ఇన్ని రైళ్లకు యజమాని అయినవాడు పోయింది రైలు స్టేషన్‌లోనే.

ఎలక్ట్రోలైనర్ అంటే ఏమిటి? అందరూ దాని గురించే మాట్లాడతారేం?

1941లో సెయింట్ లూయీ కార్ కంపెనీ తయారుచేసిన రెండు బండ్లు. రెండంటే రెండే. ఒక్కోదానికి నాలుగు భాగాలు. మామూలు బోగీల్లా కొక్కేలతో తగిలించినవి కావు, పక్కపక్క భాగాలు ఒకే చక్రాల చట్రం మీద కూర్చుంటాయి. కారణం లూప్‌లోని మలుపులు. వీధి మూలల్లో ఎల్ రైలు దాదాపు లంబకోణంలో తిరుగుతుంది. పొడుగు పెట్టె అయితే గోడకు గీసుకుంటుంది. అదే బండి ఊరి బయట గంటకు 80, 90 మైళ్ల వేగంతో పోవాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చిన బండి కాబట్టే ఇంజనీర్లు ఇప్పటికీ దాన్ని పొగుడుతారు.

జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం వేరు. అందులో ఒక భాగం టావెర్న్. గోడల మీద జంతువుల కార్టూన్ బొమ్మలు, చేతిలో బీరు, పక్కన 'ఎలక్ట్రోబర్గర్'. ఇది నేను పెట్టిన పేరు కాదు, మెనూలో అలాగే ఉండేది. మనకు ఫలానా స్టేషన్ అనగానే అక్కడి పూరీ కూర నోట్లో మెదిలినట్టు, ఆ తరం షికాగోవాళ్లకు నార్త్ షోర్ అంటే ఎలక్ట్రోబర్గర్. ఆఫీసునుంచి ఇంటికెళ్లేవాడు వేడి బర్గర్ తింటూ కిటికీలోంచి మంచు పొలాలు చూసేవాడు.

అంత బాగుంటే మూతపడటమెందుకు?

అన్నిటికంటే ఎక్కువ అడిగేది ఇదే. చాలామంది అనుకునే జవాబు, "పాతబడిపోయి ఉంటుంది, నెమ్మదిగా నడిచి ఉంటుంది" అని. అది తప్పు. చివరి రోజుదాకా వేగంగానే నడిచింది. బాగా నడవడం వేరు, గిట్టుబాటు కావడం వేరు.

యుద్ధకాలంలో కిటకిటలాడింది. దారిలోనే గ్రేట్ లేక్స్ నౌకాదళ శిక్షణ కేంద్రం, ఫోర్ట్ షెరిడన్ సైనిక స్థావరం ఉండేవి. శని ఆదివారాలు సెలవు దొరికిన నావికులు ఒక పక్క షికాగోకి, ఇంకోపక్క మిల్వాకీకి ఎగబడేవారు. పెట్రోలు రేషన్ వల్ల కార్లు షెడ్డుల్లో ఉన్నాయి. యుద్ధం ముగిసింది, నావికులు ఇళ్లకు పోయారు, కార్లు బయటికొచ్చాయి.

తరవాత దెబ్బ మీద దెబ్బ. 1951 డిసెంబరులో ఈడెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. అది స్కోకీ దారికి దాదాపు సమాంతరంగా పోతుంది. అంటే రైల్లో కూర్చున్నవాడికి కిటికీలోంచి తన పోటీదారు కనిపిస్తూనే ఉంటాడు. ఆ రోడ్డు ప్రజల డబ్బుతో వేసినది. రైలు కంపెనీ మాత్రం తన పట్టాలు తనే వేసుకోవాలి, తనే బాగుచేసుకోవాలి, ఆ నేలకు ఆస్తిపన్ను కూడా తనే కట్టాలి. నా ఉద్దేశంలో సగం కథ ఇక్కడే ఉంది.

1955 జులైలో సరస్సు ఒడ్డు ఊళ్ల మీదుగా పోయే పాత 'షోర్ లైన్' దారిని ఎత్తేశారు. విల్మెట్, విన్నెట్కా, గ్లెన్‌కో, హైలాండ్ పార్క్ ఊళ్లకు అది గుమ్మం ముందు బండి. పక్కనే షికాగో అండ్ నార్త్ వెస్టర్న్ అనే ఇంకో కంపెనీ రైలు ఉంది, వాళ్లు అప్పటికే రెండంతస్తుల కొత్త పెట్టెలు తెస్తున్నారు. జనం అటు మళ్లారు. 1960 నవంబరులో నార్త్‌వెస్ట్ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చి ఈడెన్స్‌ను నేరుగా ఊరి మధ్యకు కలిపింది. ఇప్పుడు మనం కెనడీ అంటూ రోజూ తిట్టుకునే రోడ్డు అదే.

ఇంకొక చిక్కు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు బండి నిండేది. మధ్యలో ఖాళీ. కానీ డ్రైవరుకీ కండక్టరుకీ జీతం రోజంతటికీ, కరెంటు సబ్‌స్టేషన్లు నడిచేది రోజంతా. పైగా 1953 నుంచి రైలు ఒక హోల్డింగ్ కంపెనీ కింద ఉంది. రైలు నష్టాలు ఆ కంపెనీ మిగతా లాభాల మీద పన్ను తగ్గించడానికి పనికొచ్చేవి. అలాంటి యజమానికి రైలును బతికించాలన్న ఆరాటం ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. 1950ల చివర్లో మొత్తం మూసేస్తామని దరఖాస్తు పెట్టారు. రోజూ ఎక్కేవాళ్లు సంఘం పెట్టుకుని ఏళ్ల తరబడి అడ్డం పడ్డారు. 1962లో ఇలాంటి మూతలకు అనుమతి ఇచ్చే ఫెడరల్ సంస్థ, అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్, ఒప్పేసుకుంది.

వెండిరంగు స్టీలు పెట్టెలు కూడా ఉండేవట కదా?

సిల్వర్‌లైనర్లు. అవి స్టెయిన్‌లెస్ స్టీలు కాదు, పెయింటు! 1950లలో కొత్త పెట్టెలు కొనే స్తోమత లేదు. 1920ల నాటి పెట్టెలనే బాగుచేసి, స్టీలు రేకు మడతల్లా కనబడేలా వెలుగు గీత, నీడ గీత పక్కపక్కన వేసి రంగులద్దారు. దూరం నుంచి తళతళలాడే కొత్త రైలు. దగ్గరికెళ్లి చెయ్యి పెడితే నున్నటి రేకు. మ్యూజియంలో నేనూ చెయ్యి పెట్టి చూశాను. పెళ్లిచూపులకు పాత చీరకు కొత్త అంచు కుట్టినట్టు ఉంది. ఆ గీతలు గీసిన పెయింటరు మాత్రం గట్టివాడు, ఒక్క గీత వంకర పోలేదు.

కార్ల కంపెనీలు కుట్ర చేసి రైళ్లు మూయించాయంటారు. ఇదీ అలాగేనా?

కాదు. ఆ మాట పుట్టింది నేషనల్ సిటీ లైన్స్ వ్యవహారం నుంచి. జనరల్ మోటార్స్, ఫైర్‌స్టోన్, స్టాండర్డ్ ఆయిల్ వంటి కంపెనీల పెట్టుబడి ఉన్న ఆ సంస్థ చాలా ఊళ్లలో ట్రాము కంపెనీలను కొని బస్సులు పెట్టింది. 1949లో షికాగో ఫెడరల్ కోర్టులో వాళ్లకు శిక్ష కూడా పడింది, కానీ అది బస్సులూ సరుకులూ తమ దగ్గరే కొనాలని కట్టడి చేసినందుకు. జనరల్ మోటార్స్‌కి వేసిన జరిమానా 5,000 డాలర్లు. ఆ సంస్థ నార్త్ షోర్‌ను ఎప్పుడూ కొనలేదు. కుట్ర కథ చెప్పుకోవడానికి బాగుంటుంది, ఒక విలన్ దొరుకుతాడు. ఇక్కడ విలన్లు కారు కొనుక్కున్న మామూలు మనుషులే. అప్పుడుంటే నేనూ కొనేవాణ్ణి.

చివరి రోజు ఎలా జరిగింది?

1963 జనవరి 20, ఆదివారం. ఎముకలు కొరికే చలి, ఫారెన్‌హీట్‌లో సున్నా కంటే కిందికి పోయింది. అయినా జనం. రైలు పిచ్చివాళ్లు కెమెరాలతో, ఒక్కసారైనా ఎక్కుదామని వచ్చినవాళ్లు పిల్లాపాపలతో. ఖాళీగా తిరుగుతోందని మూసేస్తున్న బండి ఆ రోజు నిండిపోయింది. చావుకు వచ్చినవాళ్లలో సగంమంది బతికుండగా చూడటానికి వచ్చుంటే బాగుండేదని మనం అనుకోమూ, అచ్చం అలాగే. ఆఖరి బండ్లు గమ్యం చేరేసరికి అర్ధరాత్రి దాటి 21వ తేదీ వచ్చేసింది.

తెల్లవారితే సోమవారం. ఆఫీసులకు పోయేవాళ్లకు బండి లేదు.

మేం అరోరాలో ఉంటాం. బాలాజీ గుడి వైపు కూడా ఇలాంటి దారి ఉంది. అదీ ఇదేనా?

అది వేరే లైను: షికాగో అరోరా అండ్ ఎల్గిన్. నార్త్ షోర్‌కి పెదనాన్న కొడుకు వరస. దానికి తీగ కంటే మూడో పట్టా ఎక్కువ. దాని చావు ఇంకా ఘోరం. కాంగ్రెస్ ఎక్స్‌ప్రెస్‌వే కట్టడం కోసం 1953లో దాన్ని ఫారెస్ట్ పార్క్ దగ్గరే ఆపేశారు. అక్కణ్ణుంచి ఊళ్లోకి పోవాలంటే దిగి ఇంకో రైలు ఎక్కాలి. సగంమంది అప్పుడే మానేశారు. 1957 జులై 3న కోర్టు అనుమతి రాగానే మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికే బండ్లు ఆపేశారు. పొద్దున అదే రైల్లో ఆఫీసుకి వెళ్లినవాళ్లు సాయంత్రం వచ్చి చూస్తే ఇంటికి బండి లేదు! మర్నాడు జులై 4 సెలవు, అందుకే స్టేషన్లలో జనం ఇంకా ఎక్కువ. ఇప్పుడు మీరు సైకిళ్లు తొక్కే ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్ చాలావరకు ఆ కట్టే.

ఇండియానాకి పోయే సౌత్ షోర్ ఇంకా నడుస్తోంది కదా. అదెలా బతికింది?

అదీ ఇన్సల్‌దే, అదీ కరెంటు బండే, అదీ మిషిగన్ సిటీలో నడివీధిలో నడిచిందే. తేడా ఏమిటంటే సరుకు. ఇండియానా ఉక్కు ఫ్యాక్టరీల మధ్య నుంచి పోతుంది కాబట్టి గూడ్సు రాబడి ఉండేది. నార్త్ షోర్‌కి గూడ్సు తక్కువ. లారీ ట్రైలర్లను రైలు మీదికి ఎక్కించి తీసుకెళ్లడం 1926లోనే మొదలుపెట్టి ముందుచూపు చూపించింది గానీ, 1947లో అదీ మానేసింది. సౌత్ షోర్ కూడా 1970లలో మూసే అంచుకు వచ్చింది. 1977లో ఇండియానా కౌంటీలు కలిసి ఒక ప్రజా సంస్థ పెట్టి నిలబెట్టాయి. నార్త్ షోర్ ఇంకో పదిహేనేళ్లు ఈడ్చుకొచ్చి ఉంటే ప్రభుత్వ డబ్బు అందేదేమో.

మన తెలుగువాళ్లెవరైనా అందులో ఎక్కి ఉంటారా?

చదువుకోడానికి వచ్చినవాళ్లు ఒకరిద్దరు ఎక్కి ఉండొచ్చు. భారతదేశం నుంచి వలస కోటా అప్పట్లో ఏడాదికి వంద మంది. ఆ తలుపు తెరిచిన చట్టం 1965లో వచ్చింది, రైలు పోయిన రెండేళ్లకు. మనం రావడం, అది పోవడం కొంచెంలో తప్పిపోయాయి.

కానీ ట్రాము పోవడం అంటే ఏమిటో మన పెద్దవాళ్లకు తెలుసు. మద్రాసు ట్రాములు 1895లో మొదలయ్యాయి, దేశంలో మొదటి కరెంటు ట్రాములు అవే. 1953 ఏప్రిల్‌లో కంపెనీ చేతులెత్తేసి ఆపేసింది. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. మద్రాసులో చదివిన మా తాతగారి తరంవాళ్లు ఊరు వదిలిరావడం గురించి, ట్రాము గంట గురించి ఒకే గుక్కలో చెప్పేవారు.

స్కోకీకి పోయే ఎల్ రైలు, యెల్లో లైన్, దీని ముక్కేనా?

అవును. హోవర్డ్ నుంచి డెంప్‌స్టర్ దాకా ఐదు మైళ్లు. నార్త్ షోర్ మూతపడ్డాక ఆ ముక్కను షికాగో ట్రాన్సిట్ అథారిటీ కొన్నది. వాళ్ల వర్క్‌షాప్ కూడా ఆ దారిలోనే ఉంది. ఫెడరల్ సాయంతో, ప్రయోగంగా, 1964 ఏప్రిల్ 20న 'స్కోకీ స్విఫ్ట్' పేరుతో మధ్యలో ఆగని బండి నడిపారు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది ఎక్కారు. ఆఖరి బండి పోయి పదిహేను నెలలే అయింది. అవే పట్టాలు, అదే ఈడెన్స్ పక్కన, కానీ ఈసారి ఖర్చులో ప్రజల డబ్బు ఉంది. పైన చెప్పిన సగం కథ అంటే ఇదే.

డెంప్‌స్టర్ వైపు సగం దారి 2004 దాకా తీగ కరెంటుతోనే నడిచింది. బండి పరుగెత్తుతుండగానే తీగను తాకే చట్రం, పాంటోగ్రాఫ్, పైకి లేచేది. ఇప్పుడు మొత్తం మూడో పట్టాయే. 2012లో మధ్యలో ఓక్టన్ స్టేషన్ చేర్చారు. డెవన్‌లో సరుకులు కొనుక్కోడానికి వెళ్లే రోజున ఒకసారి ఇందులో ఎక్కండి, పిల్లలకు ముందు కిటికీ దగ్గర సీటు పట్టండి.

మిల్వాకీకి ఇప్పుడు రైల్లో వెళ్లలేమా?

భేషుగ్గా వెళ్లొచ్చు. షికాగో యూనియన్ స్టేషన్ నుంచి ఆమ్‌ట్రాక్ హయవాత, గంటన్నర. కాకపోతే దాని దారి వేరు. లూప్‌లో ఎల్ మెట్లెక్కి మిల్వాకీ బండి అందుకోవడం మాత్రం ఇక లేదు. ఆడమ్స్, వాబాష్ మూల స్టేషన్ ఇప్పటికీ ఉంది, నార్త్ షోర్ బండ్లు ఆగింది అక్కడే.

పాత బండ్లు ఎక్కడ చూడొచ్చు?

ఎలక్ట్రోలైనర్లు రెండూ తుక్కు కాలేదు. 1963లో ఫిలడెల్ఫియా వైపు రెడ్ యారో కంపెనీ కొని, 'లిబర్టీ లైనర్లు' అని పేరు మార్చి నారిస్‌టౌన్ లైన్లో 1970ల దాకా నడిపింది. ఇప్పుడు ఒకటి పెన్సిల్వేనియాలో రాక్‌హిల్ ట్రాలీ మ్యూజియంలో, ఇంకొకటి మన పక్కనే, యూనియన్ ఊళ్లో ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియం 1953లో పుట్టింది నార్త్ షోర్ దారిలోని నార్త్ షికాగో ఊళ్లోనే. తరవాత 1964లో యూనియన్‌కి మారింది. నార్త్ షోర్ పెట్టెలు అక్కడ ఇంకా చాలా ఉన్నాయి. వేసవి శని ఆదివారాల్లో కరెంటు బండ్లు నడుపుతారు. ఏ రోజు ఏది నడుస్తుందో ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

నాన్నగారిని తీసుకెళ్లాను. పెట్టె ఎక్కి సీటు వెనక్కి తోశారు. ఆ సీట్లు అలాగే, బండి ఎటు పోతే అటు తిప్పుకునేవి. బండి కదిలాక ఆయన బయటికి చూడలేదు. తల వంచి, చక్రాలు పట్టాల అతుకుల మీద కొట్టే చప్పుడు వింటూ కూర్చున్నారు. దిగేటప్పుడు కండక్టరు బట్టల్లో ఉన్న పెద్దాయనతో, వచ్చిన ఇంగ్లీషులోనే, "మూడో అతుకు దగ్గర పట్టా కింద కంకర ప్యాకింగ్ వదులుగా ఉంది, చూసుకోండి" అన్నారు. ఆ కండక్టరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.